అరుణను వదిలేసిన తిరుమలేష్

జగిత్యాల వైపు ఒక ఊళ్లో తిరుమలేష్ పేరెత్తితే జనం ఛీ అంటారు. జబ్బుపడ్డ పెళ్లాన్ని గాలికొదిలేసి సింగపూర్‌లో కులుకుతున్నాడని అక్కడి మాట. ఆ మాట పుట్టడానికి కారణం నేనే. ఊరి పేరు చెప్పను. మనుషుల పేర్లు కూడా మార్చాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

2004లో సాఫ్ట్‌వేర్ వాళ్లకు మళ్లీ మంచిరోజులొచ్చాయి. నేను సింగపూర్ రాఫెల్స్ ప్లేస్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో టెస్టర్‌ని. ఎవరో రాసిన ప్రోగ్రామ్ చెప్పినట్టు నడుస్తోందో లేదో చూసి 'పాస్' అనో 'ఫెయిల్' అనో రాయడం నా ఉద్యోగం. మా క్లయింటు ఒక పెద్ద విదేశీ మందుల కంపెనీ. ఉగాది భోజనాల దగ్గర ఎవరో అడిగితే, "మందుల కంపెనీకి పనిచేస్తున్నా" అని కాస్త గొప్పగానే చెప్పాను. ఆ ముక్క ఆ నోటా ఈ నోటా షిప్‌యార్డు కుర్రాళ్ల దాకా పోయేసరికి నేను ఆ కంపెనీలో పెద్ద ఆఫీసర్ని అయిపోయాను.

ఒక ఆదివారం లిటిల్ ఇండియాలో గోంగూర కట్టలు ఏరుకుంటుంటే తిరుమలేష్ వచ్చి నిలబడ్డాడు. ముప్పైకి ఒకటో రెండో తక్కువ ఉంటాయి. ఓడల తుప్పు గీకి రంగు కొట్టే పని అతనిది. ఆఫీసర్ని చూడ్డానికని ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

"సుచిత్రక్కా, నువ్వు గోలీల కంపెనీల పని చేస్తవటగద. మా ఇంటామెకు రక్తంల క్యాన్సరంట. మీ కంపెనీ గోలీ ఏస్కుంటెనే బతుకుతదన్నరు. బీదోళ్లకు ఉత్తగ ఇస్తరట. మాకు మాత్రం రాదన్నరు."

ఆ మాత్రల ఖర్చు నెలకు లక్ష పైమాటే. హైదరాబాద్‌లో ఒక ఫ్యాక్టరీ అవే మాత్రలు పదోవంతు ధరకు చేసేది. మా క్లయింటు కోర్టుకెక్కి దాన్ని ఆపించింది. ఆపించాక, బీదవాళ్లకు మేమే ఉచితంగా ఇస్తామని ప్రకటించింది. గోవును చంపి చెప్పులు దానం చేయడమంటే ఇదే. ఎవరు బీదో తేల్చే ప్రోగ్రామే నేను టెస్ట్ చేసింది.

తిరుమలేష్ జేబులోంచి, ఉచిత మాత్రలు ఇవ్వలేమని కంపెనీ రాసిన ఉత్తరం ఫ్యాక్స్ కాగితం తీసి ఇచ్చాడు. అందులో ఉన్న వాక్యం నాకు కంఠతా వచ్చు. ఇంట్లో ఎవరికైనా విదేశీ సంపాదన ఉంటే, అది పది డాలర్లయినా పదివేలయినా, ప్రోగ్రామ్ ఆ ఉత్తరమే రాస్తుంది. అది నా నలభై ఏడో టెస్టు. పక్కన 'పాస్' అని రాసింది నేనే.

"ఫారంలో నువ్వు సింగపూర్‌లో ఉన్నావని ఎవరు రాయించారు?"

"మా మామ పెద్దయ్య. అల్లుడు సింగపూర్ల సూపర్‌వైజరని రాయించిండు. మామ తప్పేం లేదక్కా, పెండ్లి మాటలప్పుడు నేనే అట్ల చెప్పిన."

అతన్ని ఏమనగలను? నేను మాత్రం ఉగాది రోజు చేసిందేమిటి?

మర్నాడు మా మేనేజరు సుధాకరరావు దగ్గరికి వెళ్లాను. "ఆ కుర్రాడి నెల జీతం మొత్తం పెట్టినా నాలుగు రోజుల మాత్రలు రావండీ. ఈ రూల్ గురించి క్లయింటుకి ఒక్క మాట రాయకూడదా?"

"రూల్ వాళ్లది సుచిత్రా. అది నడుస్తోందా లేదా అన్నదే మన పని. మంచిదా చెడ్డదా అన్నది మన టెస్టుల్లో లేదు."

"పోనీ ఇండియాలో రేటైనా తగ్గించొచ్చుగా?"

"అక్కడ తగ్గిస్తే నెల తిరక్కుండా ఆ చౌక సరుకు ఇక్కడికే వచ్చి అమ్ముడవుతుంది. అన్ని దేశాలకీ ఒకటే రేటు. ఇంతకంటే న్యాయం ఏముంది?"

కలిగినవాడికీ లేనివాడికీ ఒకే రేటు పెట్టడం న్యాయమట. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా నోరు మూసుకుని వచ్చేశాను. నా ఉద్యోగ వీసా రెన్యువల్ కాగితం ఆయన సంతకం కోసం ఆ టేబుల్ మీదే ఉంది మరి.

తిరుమలేష్‌కు సంగతి చెప్పాను. వర్క్ పర్మిట్ క్యాన్సిల్ చేయించుకుని ఇంటికి పోతానన్నాడు. వెనకటి రెండేళ్ల సంపాదన కూడా లెక్కలోకి వస్తుందని చెప్పాల్సి వచ్చింది.

"రెండేండ్లా? గోలీ లేకుంటె ఆర్నెల్లు గుడ కష్టమన్నడక్కా డాక్టరు."

అప్పుడు నాకు యాభై రెండో టెస్టు గుర్తొచ్చింది. భర్త వదిలేసిన స్త్రీ అయితే భర్త సంపాదన చూడరు. సర్పంచ్ రాసిచ్చిన కాగితం ఒక్కటి చాలు. ఈ కిటుకు చెప్పేటప్పుడు నేనేదో తెలివైన పని చేస్తున్నాననే అనుకున్నాను. సిగ్గులేకుండా సంతోషించాను కూడా.

అతను వెళ్లి ఫోన్‌కార్డు కొని, సెరంగూన్ రోడ్డు మీద జనం మధ్యలోంచే భార్య అరుణకు ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ గోలలో కూడా ఆమె గొంతు నాకు వినపడింది.

"నిన్ను చెడ్డోన్ని జేసి నేను బత్కాల్నా?"

"బత్కు. మందిదేముంది, నాల్గు దినాలంటరు, ఊకుంటరు."

సర్పంచ్ ఉత్తినే కాగితం రాస్తాడా? ముందు ఊరు నమ్మాలి. తిరుమలేష్ డబ్బు పంపడం ఆపేశాడు, ఫోన్లు ఆపేశాడు. ఇక్కడ ఎవరితోనో ఉంటున్నాడని పెద్దయ్యే నలుగురిలో చెప్పి అల్లుణ్ణి బూతులు తిట్టాడు. అల్లుడు సూపర్‌వైజరని ఊరంతా చెప్పుకున్న మనిషి, అదే నోటితో. సర్పంచ్ కాగితం రాసిచ్చాడు, ఆరు వారాల్లో మాత్రలు వచ్చాయి.

మూడు నెలలకోసారి కంపెనీ తరఫున ఒకామె ఊరికొస్తుంది. మొగుడొస్తున్నాడా, డబ్బేమైనా పంపుతున్నాడా అని చుట్టుపక్కల వాకబు చేస్తుంది. తేడా వస్తే మాత్రలు ఆగిపోతాయి. అందుకని పెద్దయ్య జగిత్యాల వెళ్లి, బూత్ నుంచి బుకిట్ పంజాంగ్‌లో మా ఫ్లాట్‌కు ఫోన్ చేసేవాడు. ఆ కబురు వినడానికి తిరుమలేష్ ఆదివారం మా ఇంటికొచ్చేవాడు. భార్య కబురు పరాయి ఆడదాని నోట వినాల్సిన ఖర్మ ఎవరికీ వద్దు.

ఎనిమిదో నెలలో మంచి కబురొచ్చింది. అరుణ రక్తం దాదాపు మామూలుకొచ్చింది, చేను దాకా నడిచి వెళ్లొస్తోంది. ఆ మాట చెప్పగానే తిరుమలేష్ మొహం వెలిగిపోయింది. నేనిచ్చిన టీ తాగడం కూడా మరిచిపోయాడు.

"ఇంకెన్ని నెలలక్కా కోర్సు? ఖతం కాంగనే టికెట్ తీస్త. అప్పుడు మందికి నిజం చెప్పుకోవచ్చు."

అతనికి తెలుసనే అనుకున్నాను ఇన్నాళ్లూ. డాక్టరు మొదటి రోజే అరుణకూ పెద్దయ్యకూ చెప్పాడు. వాళ్లిద్దరూ ఇతనికి చెప్పలేదన్నమాట.

"కోర్సు కాదు తిరుమలేష్. బతికున్నంతకాలం వేసుకోవాలి. ఆపితే జబ్బు తిరగబెడుతుంది."

"అరుణకెరుకేనా?"

"తెలుసు."

అతని మొహంలో కోపం లేదు. ఒక్క తిట్టు తిట్టినా నాకు కాస్త తేలికయ్యేది.

"ఆమె శానా ఏండ్లు బతుకుతది గదక్కా?"

బతుకుతుందన్నాను. అతను సరేనని తలూపి, చల్లారిన టీ తాగి వెళ్లిపోయాడు.