పద్దెనిమిదో రాయి

ఆ ఊళ్ళో గొలుసమ్మ అంటే తెలియనివాళ్ళు లేరు. ముప్పై ఒక్కేళ్ళు సర్వే ఆఫీసులో కొలత గొలుసు లాగిన మనిషి. ఏ నేల ఎక్కడ వంగుతుందో ఆమె మడమలకు గుర్తు.

రిటైరైన రెండో ఏడు, ఊరి వెనకున్న ఉమ్మడి కొండను ఎవరూ తవ్వకుండా చట్టం తెస్తున్నారని తెలిసింది. ముసాయిదాను ఆఫీసు గోడకు అంటించారు. చివరి పేజీలో కొండ హద్దులు రాయి తరవాత రాయిగా రాసి ఉన్నాయి. వేలు పెట్టి చదువుతూ గొలుసమ్మ మనసులోనే కొండ చుట్టూ నడిచింది. పదిహేడో రాయి దగ్గర వేలు ఆగింది. అక్కణ్ణుంచి హద్దు తిన్నగా పంతొమ్మిదికి పోయింది.

పద్దెనిమిదో రాయి ఏనాటి వరదలోనో కొట్టుకుపోయింది. కానీ హద్దు అక్కడ వంపు తిరిగి, ఊటలున్న లోయను ఒళ్ళోకి తీసుకుంటుంది. ఊరు తాగేది ఆ ఊటల నీళ్ళే. తవ్వకాల కంపెనీ కన్ను పడిందీ ఆ లోయ మీదే.

"రెండు రాళ్ళ మధ్య గీత తిన్నగానే ఉంటుంది కదక్కా!" కుర్ర సర్వేయరు నవ్వాడు.

"కాగితమ్మీద ఉంటుంది నాయనా. నేలకి నడుముంది, వంగుతుంది."

ఇంట్లో భర్త కుట్టుమిషను ఆపి, "చెవిటివాడి ముందు శంఖం ఊదడానికి శాసనసభ దాకా పోతావుటే?" అన్నాడు.

"శంఖం కొండది. ఊదే వస్తా."

మర్నాడే బస్సెక్కింది. బిల్లు మీద అభ్యంతరాలు వింటున్న శాసనసభ కమిటీ గదిలో బల్ల అంచు పట్టుకుని నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పింది.

"రాయే లేదంటున్నారు. హద్దుందని ఎలా నమ్మమంటారమ్మా?" అడిగింది అధ్యక్షురాలు.

"నన్ను నమ్మకండి. రికార్డు గదిలో పాత కొలతల పుస్తకం తీయించండి. ఆ వంపు కొలిచిన రోజు వానకి తడిసింది. పేజీలు అతుక్కుని ఉంటాయి, మెల్లగా విప్పమనండి."

పుస్తకం వచ్చింది. నకలు రాసినవాళ్ళు అతుక్కున్న రెండు పేజీలను ఒకటే అనుకుని తిప్పేశారు. ఆవిరి పట్టి విడదీస్తే, ఇన్నేళ్ళ చీకట్లోంచి సిరా అక్షరాలు పైకొచ్చాయి: పద్దెనిమిదో రాయి, ఊటల లోయ వెలుపలి అంచున. అధ్యక్షురాలు ఆ వాక్యం కింద వేలు పెట్టి, ముసాయిదాలో హద్దు సవరించమంది. బురదలో తను లాగిన ఆ గొలుసు ఇంకా ఆ కాగితంలో తడిగా ఉన్నట్టు అనిపించింది గొలుసమ్మకు.

బిల్లు సభకు వచ్చిన రోజు ఆమె సందర్శకుల వరుసలో కూర్చుంది. కార్యదర్శి సవరించిన హద్దులు చదువుతున్నాడు. ఒక్కో రాయి సంఖ్యా ఆ ఎత్తైన కప్పు కింద గంటలా మోగింది. గొలుసమ్మ కళ్ళు మూసుకుంది. పాదాల కింద గులకరాళ్ళు కదిలాయి. వంపు వచ్చింది. లోయ చల్లగా ఒంటికి తగిలింది.

"అనుకూలమైనవారు అవుననండి."

వందకు పైగా గొంతులు ఒక్కసారిగా 'అవును' అన్నాయి. ఇన్నాళ్ళూ నేలను రాళ్ళే పట్టి ఉంచుతాయనుకుంది. ఒక్క మాట అంత కొండను అరచేతిలో దీపంలా పట్టుకోవడం చూసి ఆమెకు ఒళ్ళు గగుర్పొడిచింది.

సభ ముగిసినా ఆమె లేవలేకపోయింది. తలుపు దగ్గరి జవాను చెయ్యందించాడు.

"కాళ్ళు తిమ్మిరెక్కాయా పెద్దమ్మా?"

"లేదు బాబూ," అందామె ఆయాసంగా. "ఇప్పుడే కొండ దిగాను."