కింది లైన్లోకి దిగిన తాత

అక్క పెళ్లి కార్డు ఫైలు జహీరాబాద్‌లోని ప్రెస్ నుంచి ఈమెయిల్‌లో వచ్చింది. తాత పేరు లైను చివర, కాలం చేసిన నానమ్మ పేరు కింది లైన్లో ఉన్నాయి.

"నలభై ఏండ్లు నా పక్కకే ఉన్నది. గిప్పుడు కిందికెట్ల దించిన్రు? గీ కార్డు పంచితే నేను పెండ్లికి రాను," అన్నాడు తాత.

నాన్న దండం పెట్టాడు, అమ్మ కన్నీళ్లు పెట్టింది, నేను కంప్యూటర్ ముందు పెట్టుకున్నాను. పేర్ల మధ్య మామూలు ఖాళీ తీసేసి, రెండు పేర్లను వేర్వేరు లైన్లలోకి విడిపోనివ్వని ఖాళీ కొట్టాను. నానమ్మ పైకి రాలేదు, తాతే కిందికి దిగాడు. భయపడుతూనే చూపించాను.

"గంతేరా! అలిగితే ఆమె ఎన్నడన్న వచ్చిందా? నేనే పోతుంటి," అని నవ్వాడు.

తాత పోయి రెండేళ్లయింది. ఆ కార్డు ఇంకా నా దగ్గరే ఉంది. ఇద్దరూ ఒకే లైన్లో ఉన్నారు.