గోడలోని ఎద్దు

గాంధీ గంజ్‌లో ధాన్యం దుకాణాలకు బోర్డులు రాసి బతికినవాణ్ణి. చూపు నడిమధ్య మసక కమ్మితే మొదట రంగుడబ్బాను తిట్టాను, తర్వాత ఎండను. కళ్ల డాక్టరు మాత్రం పక్కచూపు కాస్త మిగులుతుంది, నడిమి చూపు ఇక రాదు అనేశాడు.

మా ఊరు కమఠాణలో మా ఇల్లు ఎర్రరాతిది. ఎర్రటి జాజు ఎంత పూసినా గోడల్లో గుంతలు దాగవు. ఒక సాయంత్రం గడపలో కూర్చుంటే ఎదురుగోడ మీద ఎద్దు కనిపించింది. మూపురం, గంగడోలు, కొమ్ములకు రంగు కూడా. పట్టలేని సంతోషంతో మా ఆవిడను కేకేశాను.

"జల్ది రా! చూపు మళ్లొస్తాంది!"

పిండి చేతులతోనే వచ్చి గోడంతా తడిమింది.

"ఏడున్నది ఎద్దు? ఉగాదికి పూసిన జాజు వెలిసింది, గంతే."

అది చూపు కాదని డాక్టరు కూడా తేల్చాడు. కన్ను పంపనిదాన్ని మనసే కల్పించుకుంటుందట.

ఆ సంగతి నాకు కొత్తేం కాదు. గుహల్లో ఆదిమానవులు రాతి ఉబ్బులో మూపురాన్ని పోల్చుకుని, మిగతా ఎద్దును ఎర్రమట్టితో గీశారని ఎప్పుడో చదివాను. సగం రాయి చూపిస్తే సగం మనసు చూపించిందన్నమాట. వాళ్ల ఎర్రమట్టి మా జాజు లాంటిదే. అప్పుడు మా పని ఎంత పాతదో అని మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతోంది. మనసు చూపించినదాన్ని గీసుకోవడానికి వాళ్లకు కళ్లున్నాయి.

మొన్న దసరాకు మా ఆవిడ గోడకు కొత్త జాజు పూసింది. ఆరాక ఇద్దరం సున్నంలో ముంచిన చేతులు దాని మీద అద్దడం మా ఇంటి అలవాటు. ఈసారి నా చెయ్యి తనే పట్టుకుని గోడకు ఆనించింది. తర్వాత నా ఎదుట నిలబడి, ఏటా అడిగినట్టే అడిగింది.

"ఏమయ్య, బొట్టు సక్కగున్నదా?"

పండుగపూట ఆమె అద్దం చూడదు. బోర్డులు రాసే మొగుడుండగా అద్దమెందుకని పెళ్లయిన కొత్తలో తను అన్న మాటను ఇప్పటికీ విడవలేదు.

తల అటూ ఇటూ తిప్పాను. చీర అంచు దొరికింది, గాజులు దొరికాయి. ముఖం ఉండాల్సిన చోట, వెనకున్న ఎర్రగోడనే తెచ్చి అతికించింది నా మనసు. ఎవరిదో ఎద్దును కొమ్ముల రంగుతో సహా గీసింది గానీ, ఇన్నేళ్లు చూసిన ముఖాన్ని గీయలేకపోయింది. ఏడుపొచ్చింది.

"సక్కగున్నది" అన్నాను, గోడతో.