తాళం తీసినాయన

తడ నుంచి నెల్లూరు వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్నాయన ఎడమ దవడ లోపలికి నొక్కుకుపోయి ఉంది. నేను చూడటం గమనించి ఆయనే చెప్పాడు.

“ఇనుప రాడ్డు దెబ్బ అన్నా. ఆసుపత్రుల రికార్డులుండే పెద్ద కంప్యూటర్ల కాడ పనిచేస్తా ఉంటి. అక్కడ రెండు మిషన్లకీ కలిపి, రికార్డులు దాచే డిస్కు ఒకటే. ఒకటి రాసేటప్పుడు రెండోది ముట్టకుండా తాళం పడతాది. మొదటిది ఆగిపోయిందనుకోని, నేనే తాళం తీసేసినా. అది ఇంకా రాస్తానే ఉంది. రెండూ ఒకదాని మీద ఒకటి రాసేసినాయి. ఒకామెకు ఫలానా ఇంజెక్షన్ పడదని ఉన్న మాట చెరిగిపోయింది. అదే ఇంజెక్షన్ వేసినారు. చచ్చిపోయింది.”

ఆమె తమ్ముడు ఆఫీసు గేటు దగ్గర కాపు కాశాడట. మొదటి దెబ్బకు పళ్లు రాలి నోరంతా నెత్తురైంది. రెండో దెబ్బకు దవడ విరిగింది.

“కేసు పెట్టలేదా?” అన్నాను.

“కొట్టిందెవరో తెలీదని చెప్పినా పోలీసులకు.”

“భయపడ్డారా?”

ఆయన తల అడ్డంగా ఊపాడు. “మూడోసారి రాడ్డు ఎత్తినోడు కొట్టలేకపోయినాడన్నా. నా మీదే పడి, అక్కా అక్కా అని ఏడ్చినాడు.”

చిల్లకూరులో ఆయన దిగిపోయాడు. నేను ఆయన పేరు కూడా అడగలేదు.

నాది మందుల షాపు. ఇప్పుడు జనం ఎంత విసుక్కున్నా, ఏ మందు పడదో అడక్కుండా ఎవరికీ ఏదీ ఇవ్వను.