గుఫ్రాన్ మడమ

నాబుల్ పట్నంలో మా వీధికి గుఫ్రాన్ గొంతు కన్నా ముందు ఆమె కుడి మడమ తెలుసు. వాళ్లమ్మ సల్హా హరీసా పచ్చడికి ఎండుమిరపకాయలు దంచుతుంటే, ఎదురుగా పీట మీద కూర్చుని, రోకటి పోటుకు మడమ తాటిస్తూ పాడేది. కళ్లు మండి ముక్కు కారినా పాట ఆపేది కాదు. బేరూత్‌లో టీవీ పాటల పోటీకి వెళ్లాక వారం వారం మారుతూ వచ్చింది: జుట్టు, నవ్వు, చివరికి మాట తీరు కూడా. "ఇది మన పిల్లేనా, లెబనాను దొరసానా?" అని పక్కింటి జొహ్రా ఎగతాళి చేసేది. ఫైనల్ నాడు సల్హా ఇంట్లో మేమంతా తెర మీద ఆ ముఖాన్నే చూస్తున్నాం. సల్హా మాత్రం పాదాలు చూసింది. "అంతెత్తు జోళ్లు తొడిగి నా పిల్ల కాలు కట్టేశారే!" అంది.

గుఫ్రాన్ గెలిచింది. ఇంటికొచ్చి, జోళ్లు విప్పి, పాత పీట మీదే కూర్చుంది. "దంచమ్మా, పాడతాను." పాట అద్భుతంగా ఉంది. మడమ మాత్రం లేవలేదు. రెండుసార్లు తాళం తప్పింది.

"నువ్వే తొందరపడుతున్నావమ్మా," అంది విసుగ్గా.

"అవును తల్లీ, నేనే," అంది సల్హా.

ఆ ఇంట్లో మొదటిసారి రోకలి గాల్లోనే ఆగి, పాట కోసం ఎదురుచూసింది.