గేటుకి అవతల

మా నాన్న గాజువాకలో మా చర్చికి సంఘ పెద్ద. ఎవరినీ గట్టిగా ఒక మాట అనలేని మనిషి. ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులవి. క్రిస్మస్‌కి ముందు వచ్చే ఆగమన కాలంలో, రెండో ఆదివారం, బిషప్పుగారు మా చర్చికి వస్తున్నారని కబురొచ్చింది. గోడలకు సున్నం వేయించారు, రంగు కాగితాల తోరణాలు కట్టారు. మిగిలిన చిక్కల్లా గేటు పక్కన ఎండుచేపలు అమ్మే ముసలమ్మ. ఆవిడ గంప వాసన పాస్టరుగారి ప్రసంగం కంటే ముందే మాకు చేరేది. ఆవిణ్ణి ఆ ఒక్క రోజుకి తప్పించే పని కమిటీవాళ్లు నాన్నకు అప్పగించారు.

శనివారం నాన్న వెళ్లారు, తోడుగా నేను. చాలాసేపు ఎండ గురించీ, ఆవిడ మోకాళ్ల నొప్పి గురించీ మాట్లాడి, చివరికి, "రేపు బిషప్పుగారు వస్తన్నారమ్మా. నువ్వు గేటు కాడ కాకుండా, గేటుకి అవతల కూసో" అన్నారు. రోడ్డుకి అవతలి పక్క అని ఆయన ఉద్దేశం.

రోడ్డు మీద కూర్చునే మనిషికి గేటుకి అవతల అంటే చర్చే కదా. మర్నాడు ఆవిడ తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని, గంపతో సహా లోపలికి వచ్చి ఆడవాళ్ల చాపల మీద మొదటి వరసలో కూర్చుంది. గంప వెనకాలే ఒక పిల్లి. పక్కనున్న ఇంజనీరుగారి భార్య ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న దగ్గరికి వెళ్లారు.

"రమ్మన్నారు గదా బాబూ, వచ్చినాను. మావోళ్లు నమ్మనేదు" అని నవ్విందావిడ.

ఆ నవ్వు చూశాక బయటికి పొమ్మనడం నాన్న వల్ల కాలేదు. పిల్లిని మాత్రం పంపించారు. ప్రభువు వస్తున్నాడు, దారి సిద్ధం చేయండని బిషప్పుగారు ప్రసంగించినంతసేపూ ముసలమ్మ తల ఊపుతూనే ఉంది.

అసలు కష్టం తర్వాత వచ్చింది. బిషప్పుగారి భోజనానికి అమ్మ వండిన కోడికూర రిక్షాలో తెస్తుంటే, లారీలు చేసిన గోతిలో చక్రం పడి గిన్నె బోర్లాపడింది. అన్నం మాత్రం అంతకుముందే చేరింది. కమిటీవాళ్లు బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డారు. సంగతి తెలుసుకున్న ముసలమ్మ, "దానికేటి, ఇంత సింతపండు, నాలుగు వంకాయలు తెండి" అంటూ పాస్టరుగారి వంటింట్లోకి దూరి, గంపలోని ఎండు నెత్తళ్లు వేయించి పులుసు పెట్టేసింది.

బిషప్పుగారు మళ్లీ మళ్లీ వేయించుకున్నారు. ఇంజనీరుగారి భార్య కొంగు ఎప్పుడు దించిందో గాని, విస్తరి వేళ్లతో ఊడ్చడం నేను చూశాను. వండిందెవరని అడిగి, బిషప్పుగారు ఆవిణ్ణి పిలిపించి పక్కన కూర్చోబెట్టుకున్నారు. నాన్నే విస్తరి వేశారు.

"వస్తాడు వస్తాడన్నారు, మీ దేవుడింకా రానేదేటి బాబూ?" అని ఆవిడ బిషప్పుగారిని అడిగింది.

ఆయన తినడం ఆపి ఆవిడ ముఖంలోకి చూశారు. "వచ్చేశాడనుకుంటానమ్మా" అన్నారు.

"అయ్యో, పులుసైపోనాది గదా" అందావిడ నిజంగానే నొచ్చుకుంటూ.

ఆ సాయంత్రం ఇంట్లో ప్రార్థన చేస్తూ నాన్న, బీదలను జ్ఞాపకం చేసుకోమని దేవుణ్ణి అడగబోయి ఆగిపోయారు. "ఇయ్యాల ఆళ్లే మమ్మల్ని జ్ఞాపకం చేసుకున్నారు ప్రభువా" అన్నారు. అమ్మ కళ్లు మూసుకునే నవ్వడం మొదలుపెట్టింది. నాన్నకీ నవ్వు ఆగలేదు, కళ్లు తుడుచుకుంటూనే నవ్వారు. ఆమెన్ నేనే చెప్పాల్సి వచ్చింది.