ఉప్పు ముందు రెండు

యాభై రెండేళ్ల వయసులో పదో తరగతి పరీక్షకు చదువుతుంటే నాకు సైన్సు నేర్పింది శాలిబండలో మా పక్కింటామె. నాకంటే పెద్దది కాబట్టి ఆపా అనేదాన్ని. పెద్దయ్యాకే ఇద్దరం ఒకే పలక మీద అ, ఆలు దిద్దాం, ఓపెన్ స్కూల్లో ఒకేసారి చేరాం. ఆమె తొందరగా పట్టుకునేది, అంతే.

ఇద్దరిదీ లక్క గాజులకు రాళ్లు అతికే పని. పొద్దున గాజులు, మధ్యాహ్నం పుస్తకం. ద్వంద్వ వియోగం దగ్గర నేను ఆగిపోయాను. బేరియం క్లోరైడ్, సోడియం సల్ఫేట్ కలిస్తే జతలు మారతాయి. బేరియం సల్ఫేటును పట్టుకుంటుంది, సోడియం క్లోరిన్‌తో కలిసి ఉప్పవుతుంది. అంతవరకు అర్థమైంది. కానీ ఎడమవైపు రెండేసి ఉన్న సోడియం, క్లోరిన్ కుడివైపు ఒక్కొక్కటే కనిపించాయి. తక్కువైన చోట రాయి అతకడం చేతికి అలవాటు. ఉప్పు గుర్తుల కింద చిన్న రెండ్లు వేశాను.

ఆపా నవ్వింది.

"అరె, గాజు మీద రాళ్లు పెంచుతవేంది? డిజైనే ఖరాబైతది. సేఠ్ వాపస్ కొడ్తడు."

"మరేం చెయ్యాలె?"

"అసొంటిదే ఇంకో గాజు తీస్కో."

సోడియం అని ఎర్ర రాయి, దాని పక్కన క్లోరిన్ అని తెల్ల రాయి పెట్టింది. దాని పక్కన అలాంటిదే ఇంకో జత. ఉప్పు ముందు రెండు వేశాను. రెండు వైపులా సరిపోయింది.

పరీక్ష కలిసే రాయాలనుకున్నాం. చలికాలంలో ఆమె కూతురికి కవలలు పుట్టారు, ఆపా మలక్‌పేటకు వెళ్లింది. "పరీక్షకు వస్తలే, ఫికర్ చెయ్యకు" అంది. బస్సెక్కితే ఎంతో దూరం కాదు. అయినా ఒక్క మధ్యాహ్నం కూడా రాలేకపోయింది. ఆమె కూర్చునే సగం చాప వదిలేసి నేను చదివేదాన్ని.

సైన్సు పరీక్ష రోజు గేటు మూసే ముందు వరకు ఆమె కోసం బయటే నిలబడ్డాను. నా ముందు బల్ల మీద ఆమె నంబరు సుద్దతో రాసి ఉంది. బల్ల ఖాళీ. ప్రశ్నల్లో అదే సమీకరణం వచ్చింది.

సాయంత్రం ఫోన్ చేశాను. పిల్లలు ఏడుస్తున్నారు. ఎందుకు రాలేదని అడగబోయాను, ఆమే ముందు అడిగింది.

"గాజులది వచ్చిందా?"

"వచ్చింది ఆపా."

"ఇంకో గాజు తీస్కున్నవా, రాయే అతికినవా?"

"తీస్కున్న."

"శభాష్. నా బుక్కు పారెయ్యకు చెల్లే. అన్నీ మర్చిపోతున్న."

ఆమె పుస్తకం నా దగ్గరే ఉంది. ఆ పేజీలో రెండు ఎర్ర రాళ్లు, రెండు తెల్ల రాళ్లు కాగితంలో చుట్టి పెట్టాను. చాప ఇంకా సగమే వాడుతున్నాను.